మూడు పాయింట్ పది

నవంబర్ 11, సోమవారం

మహిపాల్‌పూర్ దాటేసరికి క్యాబ్ అద్దాల బయట తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడలేదు. ముందు వెళ్తున్న బస్సు ఎర్రలైట్లు చూసుకుంటూ డ్రైవర్ గురుగ్రామ్ దాకా పోనిచ్చాడు. ఆఫీసులో అందరూ దగ్గుతూనే ఉన్నారు.

ఘాజియాబాద్‌లోని ఒక పిల్లల ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. "పంపులో 45 నొక్కినా తీసుకుంటోంది. ఇంతకుముందు తీసుకునేది కాదు." అంతే రాశారు. సపోర్టువాళ్లు స్క్రీన్ సమస్య అని రాసి మూసేయబోతే నేను ఆపాను.

మా పంపు చేసేది చిన్న పనే. సెలైన్ గొట్టంలోంచి మందు గంటకు ఎంత పోవాలో నర్సు అంకె నొక్కుతుంది, పంపు అంత పంపుతుంది. అంకె మరీ ఎక్కువైతే ఒప్పుకోదు, గోల చేస్తుంది. ఎంతైతే ఎక్కువో దానికి చెప్పేది లోపలుండే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ. ఆ ప్యాకేజీలను పంపులకు చేర్చడం నా టీం పని. పిల్లల పంపు 45కి ఒప్పుకుందంటే...

స్క్రీన్ సమస్యే అయి ఉంటుంది. రేపు చూస్తాను.

మా ఆయన శశిధర్ ఇక్కడుంటే ఇదంతా అతనికి చెప్పి పడుకునేదాన్ని. సరిహద్దు పోస్టు మీద సిగ్నల్ దొరికితేనే ఫోన్. అందుకే ఈ రాత.

నవంబర్ 12, మంగళవారం

స్క్రీన్ సమస్య కాదు.

మధ్యాహ్నం నా టీంలోని మనీషను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం తవ్వాను. పుణె కంపెనీని మావాళ్లు కొన్నప్పుడు వాళ్ల పిల్లల పంపులు కూడా మాకు వచ్చాయి. హద్దుల ప్యాకేజీకి వాళ్లు పెట్టుకున్న పేరు డోస్, చుక్క, లిమిట్స్. మా పెద్దవాళ్ల పంపుల ప్యాకేజీ డోస్, అండర్‌స్కోర్, లిమిట్స్. పాత సర్వర్‌కు అవి రెండు వేరే పేర్లు. దీపావళికి ముందు మారిన కొత్త సర్వర్ పేర్లన్నిటినీ ఒకే తీరులో పెడుతుంది. పెద్దక్షరాలు చిన్నవవుతాయి. చుక్కైనా అండర్‌స్కోరైనా అడ్డగీత అయిపోతుంది. అది మంచి నియమమే, ఒకే పేరును తలా ఒక రకంగా రాసి తికమక పడకుండా పెట్టుకున్నది. కానీ మా రెండు పేర్లూ ఒకటైపోయాయి. ఒకే పేరుతో రెండు కనిపిస్తే సర్వర్ వెర్షన్ పెద్దగా ఉన్నదాన్ని ఇస్తుంది. పెద్దవాళ్లది 4.2. పిల్లలది 3.10.

పిల్లల పంపులు తమది అడిగాయి. పెద్దవాళ్లది వచ్చింది.

మనీష సర్వర్ మార్చిన రోజు రికార్డు తెరిచింది. ఇందిరాపురంలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే.

"దీదీ, వార్నింగ్ ఆయా థా. మైఁనే రఘురామ్ సర్ కో దిఖాయా భీ థా."

రెండు పేర్లూ ఒకటవుతున్నాయని వార్నింగ్ వచ్చిందట. మా మేనేజర్ రఘురామ్ సార్‌కు చూపించిందట. డూప్లికేట్ అయి ఉంటుంది, ముందుకు పోనీ అన్నారట.

నవంబర్ 13, బుధవారం

సార్ గదిలో ఆయన, మనీష, నేను, ముగ్గురమే. ఆయన తలుపు ఆయనే వేశారు.

"చూడమ్మా కావేరీ, తప్పెక్కడుందో తెలిసిపోయింది. పిల్లల ప్యాకేజీకి వేరే పేరు పెట్టి మళ్లీ పంపించేద్దాం. రేపటికల్లా పంపులన్నీ దారికొచ్చేస్తాయి. ఈలోపు ఆసుపత్రులకి ఫోన్లు చేసి వాళ్లని కంగారు పెట్టడం దేనికి?"

"చెప్పల్ల కదా సార్. వాళ్లకు తెలిస్తే జాగ్రత్తగా ఉంటారు."

"జాగ్రత్త అంటే ఏం చేస్తారు? పంపులు కట్టేస్తారు. ఈ పొగకి పిల్లల వార్డులు ఎలా కిటకిటలాడుతున్నాయో చూస్తున్నావుగా. పంపు లేకపోతే చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారా? అది ఇంకా ప్రమాదం కాదూ?"

నేను తలూపాను. వచ్చే వారం ఆడిట్ ఉందని కూడా అన్నారు, కానీ అది చివర్లో, మామూలుగా.

శశిధర్ ట్రాన్స్‌ఫర్ల వెంట ఊళ్లు తిరిగి, ఉద్యోగం వదిలేసి ఏళ్లయ్యాక నన్ను ఎవరూ ఇంటర్వ్యూకు కూడా పిలవలేదు. పిలిచింది రఘురామ్ సార్. ఆ గ్యాప్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆయన చెప్పినదాంట్లో న్యాయముంది. ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసు.

నవంబర్ 14, గురువారం

పంపేశాం. పిల్లల ప్యాకేజీ, కొత్త పేరు, 3.10. ప్యాకేజీలు ఎక్కడిదాకా వెళ్లాయో చూపే స్క్రీన్ బోర్డు మీద అన్నీ ఆకుపచ్చ. సార్ అందరికీ సమోసాలు తెప్పించారు.

నవంబర్ 15, శుక్రవారం

చిన్న పిల్లలకు స్కూళ్లు మూసేశారు. ఇంటి నుంచే పని చేశాను. సాయిసుధ పొద్దుటి నుంచి దగ్గుతూనే ఉంది.

"మమ్మా, బాహర్ ఖేలనే జాఊఁ?"

"వద్దు. మాస్క్ వేసుకున్నా వద్దు."

"స్కూల్ భీ బంద్, ఖేల్ భీ బంద్. ఫిర్ కరూఁ క్యా?"

మరేం చేయాలట. రంగుపెన్సిళ్లు తీసిచ్చాను.

బోర్డులో రెండు వరుసలుంటాయి. పంపినవి, పంపులు తీసుకున్నవి. మొదటి వరుస నిండుగా ఉంది. రెండోది నిండటానికి కొంత టైం పడుతుంది, ఎప్పుడూ అంతే. సోమవారం చూడొచ్చు.

నవంబర్ 16, శనివారం

లాప్‌టాప్ తెరవలేదు. సెలవు కదా. రాజ్మా వండాను.

నవంబర్ 17, ఆదివారం

శశిధర్ ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు.

"ఏం కావేరీ, గొంతు అట్లుంది?"

"ఏం లేదులే. పొగ."

"పాప?"

"దగ్గుతాంది. పర్వాలేదు."

"ఇంకేం సంగతులు?"

"ఏముంటాయి?"

లైను తెగిపోయింది. దాచిందేమీ లేదు. సర్దుకున్న విషయం ఇప్పుడు చెప్పి అంత దూరాన ఉన్న మనిషిని కంగారు పెట్టడం దేనికి?

కంగారు పెట్టడం దేనికి. ఇది సార్ మాట. నా నోట వచ్చింది.

నవంబర్ 18, సోమవారం

తీసుకోలేదు.

రెండో వరుస దాదాపు ఖాళీ. పెట్టెలోంచి కొత్తగా తీసిన పంపులు మాత్రమే ప్యాకేజీ తీసుకున్నాయి. వార్డుల్లో నడుస్తున్నవన్నీ తిప్పి పంపాయి. వాటి జవాబు లాగ్‌లో ఒక్కటే: నా దగ్గర 4.2 ఉంది, నువ్విస్తున్నది 3.10. పాతది. వద్దు.

పంపు ఎప్పుడూ వెర్షన్‌లో వెనక్కు వెళ్లకూడదని మేమే పెట్టాం. ఎవరూ పొరపాటున పాతది ఎక్కించకుండా. తన లోపలున్నది తనది కాదని, ఎదుటున్న 3.10 తన సొంత కొత్త ప్యాకేజీ అని పంపుకు ఎలా తెలుస్తుంది? దానికి తెలిసింది అంకెలు పోల్చుకోవడమే.

గురువారం నుంచి లాగ్‌లో ఉంది. గురువారం నుంచి.

"5.0 అని పేరు పెట్టి పంపితే తీసుకుంటుంది" అని మనీష చెప్పింది. నిజమే. కానీ మొదటి అంకె మారితే మెడికల్ టీం మొత్తం మళ్లీ పరీక్షించి సంతకం పెట్టాలి. శుక్రవారానికి అవుతుందన్నారు. త్వరపెడితే.

"అంతవరకైనా ఆసుపత్రులకు చెప్దాం సార్."

"లీగల్ వాళ్లు చూస్తున్నారమ్మా. వాళ్లు ఊఁ అన్నాక చెబుదాం."

"ఎప్పుడంటారు?"

"ఆడిట్ అవనీ."

నవంబర్ 19, మంగళవారం

సార్ కాఫీకి పిలిచారు. కింద కెఫేలో, కిటికీ పక్కన. ఎదురు టవర్ కనబడటం లేదు.

"ఆడిట్‌లో ఈ విషయం బయటికొస్తే ఏం చెబుదామనుకుంటున్నావు?"

"జరిగింది చెప్దాం."

"జరిగింది ఏంటంటే, సర్వర్ మార్చింది మనీష. వార్నింగ్ చూసుకోలేదు. చిన్నపిల్ల, అనుభవం లేదు. ఓ మెమో ఇచ్చి వదిలేస్తారు. ఆ పిల్లకి పోయేదేం లేదు."

"మీకు చూపించినానంటాంది కదా సార్."

ఆయన కప్పును సాసర్‌లో అటూ ఇటూ తిప్పారు.

"రోజుకి నాకెన్ని చూపిస్తారో నీకు తెలీదా కావేరీ? టీం లీడ్‌వి నువ్వు. నువ్వు ఏం చెబితే అది నిలుస్తుంది."

పైకి వచ్చాక సార్ ఏమన్నారని మనీష అడిగింది. "సర్ నే క్యా కహా, దీదీ?"

ఏం లేదన్నాను.

ఘాజియాబాద్ ఫిర్యాదు ఇంకా తెరిచే ఉంది. దాని కింద ఇవాళ ఇంకో వాక్యం చేరింది. "జవాబు లేదు. పంపు వాడమంటారా, వద్దా?" రాసింది సిస్టర్ షీబా.

వాడమంటారా, వద్దా. ఇంత మామూలు ప్రశ్న.

నవంబర్ 20, బుధవారం

పొద్దున్నే చిన్న మీటింగ్ రూమ్ తీసుకుని ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ముందు సిస్టర్ షీబాకే చేశాను. నా హిందీ, ఆమె హిందీ, ఏదీ ఇక్కడిది కాదు.

"మేం చెప్పి వారం దాటింది మేడమ్."

"దాటింది. తప్పు మాదే. పంపు వాడండి సిస్టర్. కానీ అది ఆపుతుందని నమ్మకండి. పిల్లలకు పెట్టేముందు అంకెను ఇద్దరు విడివిడిగా చూడండి."

"అంతేనా?"

"అంతే. సరిచేసిన ప్యాకేజీ వచ్చేదాకా."

"ఠీక్ హై. బోర్డు మీద రాసేస్తాను." పెట్టేసింది.

ఇంత చిన్న మాట. పంపులు కట్టెయ్యక్కర్లేదు, చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు. సార్ గదిలో ఈ మాట నాకెందుకు తోచలేదు? తోచలేదా, తోచనివ్వలేదా?

నాలుగో కాల్ నడుస్తుండగా మనీష తలుపు తోసుకుని వచ్చింది. ఏం చేస్తున్నానో కాసేపు విని కుర్చీ లాక్కుంది. అప్పుడు నిన్నటి కాఫీ సంగతి మొత్తం చెప్పేశాను. మనీష కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ ఏడవలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"ఆప్ నంబర్ బోలియే. బాత్ మైఁ కరూఁగీ."

నంబర్లు నేను చెబుతుంటే తనే మాట్లాడింది. ఆ పిల్ల హిందీకి డాక్టర్లు ఎదురు ప్రశ్నలు వేయకుండా విన్నారు. సాయంత్రానికి అందరికీ చెప్పేశాం, హాపూర్‌లో ఒక నర్సింగ్ హోం తప్ప. అక్కడి నంబరు పనిచేయడం లేదు.

నవంబర్ 21, గురువారం

లాగిన్ కాలేదు. గేటు దగ్గర బ్యాడ్జి కూడా పనిచేయలేదు. సార్ స్వయంగా రిసెప్షన్‌కు దిగి వచ్చారు. గొంతు పెంచలేదు.

"పొద్దుటి నుంచి డాక్టర్ల ఫోన్లతో నా చెవులు వాచిపోయాయి. ఎవర్నడిగి చేశావమ్మా?"

"మిమ్మల్ని అడిగినాను సార్. మూడుసార్లు."

"నిన్ను ఈ కంపెనీలోకి తీసుకొచ్చింది నేను. ఆ మాటైనా గుర్తుందా?"

"గుర్తుండబట్టే వారం రోజులు ఆగినాను."

ఆయన చెయ్యి చాపి నా ఐడీ కార్డు తీసుకున్నారు. ముఖం పాలిపోయి ఉంది. సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో. ఎంక్వయిరీకి పిలిచేదాకా ఇంట్లోనే ఉండమన్నారు.

హాపూర్ నంబరు ఇంకా పనిచేయడం లేదు.

నవంబర్ 22, శుక్రవారం

హాపూర్ వెళ్లొచ్చాం. ఇవాళ రాయలేను.

నవంబర్ 24, ఆదివారం

నిన్న కంపెనీ ఆసుపత్రులన్నిటికీ నోటీసు పంపింది. 5.0 కూడా వెళ్లింది. ఈసారి పంపులు తీసుకున్నాయని మనీష చెప్పింది. తన మీద మెమో రాలేదు, ఇంకా. నేను రిపోర్టు రాసి పంపాను. సార్ ఫోన్ చేసి, "తేదీలు లేకుండా రాయొచ్చు కదమ్మా" అన్నారు. తేదీలతోనే పంపాను. వార్నింగ్ ఎవరికి ఎప్పుడు చూపించారో, ఎవరికి ఎప్పుడు తెలిసిందో. మంగళవారం ఎంక్వయిరీ.

ఇక శుక్రవారం గురించి.

సాయిసుధను పక్క క్వార్టర్ పార్వతమ్మ ఆంటీ దగ్గర వదిలాను. మనీష సెలవు పెట్టి వాళ్ల నాన్నగారి కారు తెచ్చింది. హైవే మీద లారీలు కూడా పాకుతున్నట్టే వెళ్తున్నాయి. నర్సింగ్ హోం బజారు వీధిలో ఉంది, కింద మందుల షాపు, పైన వార్డు. బోర్డు మీదున్న నంబరు వేరే. ఎప్పుడో మార్చారు, మాకు చెప్పలేదు, మేం అడగలేదు.

డాక్టరు పెద్దాయన. విన్నంతసేపూ విన్నారు.

"కంపెనీ లెటర్ ఉందా?"

"లేదు."

"ఐడీ కార్డు?"

"నిన్న తీసేసుకున్నారు."

"మరి మీ మాట నేనెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు. ఖాళీగా ఉన్న పంపు ఒకటి తెప్పించండి. పిల్లల మోడ్‌లో పెట్టి 45 నొక్కండి."

తెప్పించారు. నొక్కారు. పంపు ఒక్కసారి సన్నగా కూసి ఆకుపచ్చ లైటు వేసింది. ఆయన దానికేసి చూస్తూ నిలబడ్డారు.

"యాభై ఐదుకు కూడా ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది."

55 ఆయనే నొక్కారు. మళ్లీ ఆకుపచ్చ. వార్డులోకి వెళ్లి, నడుస్తున్న పంపులన్నిటి అంకెలూ కళ్లజోడు సర్దుకుని చదివారు. అన్నీ సరిగానే ఉన్నాయి. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

యాభై ఐదు అని ఎందుకు అడిగారో అప్పుడు చెప్పారు. అంశు అని నాలుగేళ్ల బాబు. ఆయాసంతో తెచ్చారు. 5.5 పెట్టాల్సింది. కొంతసేపటికి బాబు వాంతులు చేసుకుని, గుండె దడదడలాడి, ఫిట్స్ వచ్చాయి. చూస్తే పంపులో 55 ఉంది. తాను 5.5 పెట్టానని సిస్టర్ ఒట్టేసింది. పంపు కూస్తుంటే ఆపడానికి ఏదో బటన్ నొక్కానని తల్లి ఒప్పుకుంది. అందరూ తల్లే చేసిందనుకున్నారు. మీరట్ ఐసీయూకు పంపారు. బతికాడు. నిన్ననే తిరిగి ఇక్కడికి తెచ్చారు.

"ఎప్పుడు జరిగింది డాక్టర్ సాబ్?" మనీష అడిగింది.

"పోయిన శనివారం."

శనివారం. బోర్డు నా లాప్‌టాప్‌లో ఉంది. నేను తెరవలేదు.

మనీష నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకున్నాను. ఓదార్పు వద్దనిపించింది.

"ఆవిడకు చెప్పాలి" అన్నాను.

"చెప్పండి. నేను ఆవిడతో అన్న మాటలు వెనక్కు తీసుకోలేను. మీరే చెప్పండి."

బాబు గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. తల్లి పాతికేళ్లు కూడా ఉండవు. స్టూలు మీద, రెండు చేతులూ శాలువా లోపల దాచుకుని కూర్చుంది. నేను హిందీలో మొదలుపెట్టాను, తడబడ్డాను. మనీష అందుకోబోతే వద్దన్నాను. పేర్ల గురించీ వెర్షన్ల గురించీ ఏదో చెప్పబోయాను. ఆవిడకు అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరమూ లేదు.

"బెహన్‌జీ, ఆ 55 ఎవరు నొక్కారో నాకు తెలియదు. మీరే నొక్కారేమో, సిస్టరే నొక్కిందేమో. ఎవరు నొక్కినా ఆ మిషన్ ఒప్పుకోకూడదు. ఒప్పుకోకుండా ఉండటమే దాని పని. దాని లోపల మేం తప్పు పెట్టాం. ఇది మీ వల్ల జరగలేదు."

ఆవిడ నన్ను చూస్తూనే ఉంది.

"నేను ముట్టుకున్నాను" అంది. "కూస్తుంటే వాడు ఉలిక్కిపడుతున్నాడని."

"ముట్టుకున్నా సరే. వార్డులో ఎవరో ఒకరు ముట్టుకుంటారు. అది తెలిసే ఆ హద్దు పెడతారు."

"నా వల్ల కాదా?"

"కాదు."

అరుస్తుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను. కొట్టాల్సింది. ఆవిడ శాలువాలోంచి ఒక చెయ్యి తీసి ఫోన్‌లో ఏదో నంబరు నొక్కి నాకు అందించింది.

"వీడి నాన్న. శనివారం నుంచి నాతో మాట్లాడటం లేదు. ఇప్పుడు నాతో చెప్పింది ఆయనకు చెప్పండి."

రింగవుతోంది. మనీష తలుపు దగ్గర నిలబడి ఉంది. అవతల మగగొంతు విసుగ్గా "హాఁ, బోల్" అంది, భార్య అనుకుని.

నా పేరు చెప్పాను. కంపెనీ పేరు చెప్పాను. ఆవిడతో చెప్పినదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"అంతకుముందు మంగళవారమే తెలిసింది" అన్నాను.